డాక్టరుగారి ఊళ్లో

మా అవ్వ లెక్కలో శ్రీపాద పినాకపాణి అనే పేరు గలవారు కర్నూలులో ఇద్దరుండేవారు. ఒకరు పెద్దాసుపత్రి డాక్టరుగారు. ఇంకొకరు రేడియోలో త్యాగరాజ కీర్తనలు పాడేవారు. ఇద్దరూ ఒక్కరేనని మా నాన్న ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. "దినమ్మూ అంతమంది రోగుల్ని చూసే డాక్టరప్పకు కూర్చుని పాటలు పాడేంత తీరిక యాడిదిరా?" అని నాన్ననే ఎదురు ప్రశ్నించేది. ఆ ప్రశ్నకు నాన్న దగ్గర జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు, కాని గడిచిన నలభై ఏళ్లుగా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

నేను పుట్టింది 1968లో. వైద్య కళాశాలలో ఆచార్యులుగా, ఆసుపత్రి సూపరింటెండెంటుగా పనిచేసి పినాకపాణిగారు పదవీ విరమణ చేసింది కూడా ఆ సంవత్సరమే. కాబట్టి నాకు ఊహ తెలిసేనాటికి ఆయన ఉద్యోగం మానేసి, కర్నూలులోనే స్థిరపడి, పాఠం చెప్పుకొంటున్న పెద్దాయన. అయినా ఊరివాళ్ల నోట ఆయన 'డాక్టరుగారు' గానే మిగిలిపోయారు. సంగీతం నేర్చుకునే మా పిల్లల గుంపు కూడా అదే మాట పట్టుకుంది. ఊళ్లో ఇంకెంతమంది డాక్టర్లున్నా, మా పాఠం అరుగు మీద 'డాక్టరుగారు' అంటే ఒక్కరే.

నేను ఆయన శిష్యురాలిని కాను. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే పెద్దవారు పోయాక వారి శిష్యుల సంఖ్య ఏటేటా పెరగడం మన సంగీత లోకంలో మామూలే. నాకు పాఠం చెప్పినావిడ ఆయన దగ్గర కొంతకాలం నేర్చుకున్నారు. ఆవిడను మేమంతా టీచరమ్మ అనేవాళ్లం. పాతబస్తీలో, తుంగభద్ర ఒడ్డుకు కాస్త ఇవతల వాళ్ల ఇల్లు. ముందు గదిలో బేతంచెర్ల నాపరాయి పరిచి ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు బండల మీద నీళ్లు చల్లి, ఆ తడి ఆరీ ఆరకముందే మమ్మల్ని వరసగా కూర్చోబెట్టేవారు. బండ చల్లదనం వీపులోకి ఎక్కుతుంటే, ఎదురుగా శ్రుతిపెట్టె తిత్తి ఊపుతూ టీచరమ్మ, "గొంతు దాచిపెట్టుకోవాకు పాపా, నోరు తెరువు" అనేవారు. 1976 వేసవిలో, ఎనిమిదేళ్ల వయసులో, ఆ గదిలో నా సరళీ వరసలు మొదలయ్యాయి.

గొంతు విషయంలో ఆవిడకున్న పట్టుదల గురించి కొంచెం వివరంగా రాయాలి. చాలాచోట్ల పిల్లలకు సరళీ, జంట, దాటు వరసలు, అలంకారాలు, గీతాలు అని ఏడాదిలో పరుగెత్తించి, రెండో ఏడు వర్ణం అనే సాధన రచన, మూడో ఏడు దసరా పందిట్లో కీర్తన అనే పద్ధతి నడుస్తుంది. తల్లిదండ్రులకు కావలసిందీ అదే. టీచరమ్మ ఆకార సాధన చేయించేవారు. స్వరం పేరు లేకుండా, సాహిత్యం లేకుండా, ఉత్త 'ఆ' తో మంద్ర పంచమం దాకా దిగి, తార షడ్జం దాకా మెట్టు మెట్టునా ఎక్కడం. పై స్థాయిలో అందక దొంగగొంతు పెడితే ఆవిడ వెంటనే శ్రుతిపెట్టె ఆపేవారు. తిట్టేవారు కాదు. పెట్టె ఆగిన ఆ నిశ్శబ్దమే మాకు తిట్టు. ముక్కుతో పాడినా, పెదవులు సగం మూసి పాడినా అంతే. మగపిల్లలకు ఒకటి శ్రుతి, ఆడపిల్లలకు అయిదు శ్రుతి అని లోకం పెట్టుకున్న లెక్కను కూడా ఆవిడ గుడ్డిగా పాటించలేదు. ఎవరి గొంతు ఏ శ్రుతిలో కింద పంచమం వరకు నిండుగా దిగుతుందో చూసి, అక్కడ పెట్టేవారు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని మేము అడగలేదు. అడగకుండానే ఆవిడ చెప్పే మాట ఒకటుండేది, "డాక్టరుగారి పాఠం ఇట్లే ఉంటుంది" అని.

ఆ డాక్టరుగారు పాఠం చెప్పే స్థితికి ఎట్లా వచ్చారో పెద్దయ్యాక తెలుసుకున్నాను. 1913 ఆగస్టు 3న ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని ప్రియాగ్రహారంలో పుట్టారు. మొదటి గురువు మైసూరు నుంచి వచ్చిన లక్ష్మణరావుగారు. విశాఖపట్నంలో వైద్యం చదువుకున్నారు. విజయనగరం అక్కడికి దగ్గర, ఆ రోజుల్లో విజయనగరమంటే ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు. పాడేవాడి మీద ఫిడేలు ప్రభావమేమిటని ఎవరికైనా అనుమానం వస్తే, నాయుడుగారి రికార్డు ఒకటి విని, ఆ కమాను నిలకడను గుర్తుంచుకుని, పాణిగారి రాగాలాపన వినమని చెబుతాను. తర్వాత మద్రాసు. అక్కడ అరియక్కుడి వంటి మహావిద్వాంసుల కచేరీలు వినడమే కాక, వీణ ధనమ్మాళ్ సంప్రదాయం తెలిసిన రంగరామానుజ అయ్యంగారి దగ్గర పాఠం చెప్పుకున్నారు. అయ్యంగారు కృతులను స్వరపరచి సంపుటాలుగా అచ్చు వేయించిన మనిషి. పాటను కాగితం మీద నిలపాలనే పట్టుదల ఈ శిష్యుడికి ఆ ఇంట్లోనే అంటుకుందని నా ఊహ. ఊహ మాత్రమే.

ఇవన్నీ జరుగుతున్నప్పుడే ఆయన వైద్యంలో పై చదువు చదివి ఎం.డి. అయ్యారు, ప్రభుత్వ ఉద్యోగంలో ఊళ్లు మారారు, విద్యార్థులకు వైద్యశాస్త్రం బోధించారు. స్టెతస్కోపుకూ తంబురాకూ ముడిపెట్టి, రోగి గుండె లయకూ ఆది తాళానికీ పోలిక కలిపి ఆయన మీద వచ్చిన వాక్యాలు చాలా చదివాను. నాకు అవి నచ్చవు. నేను గమనించిన సంబంధం ఇంకొకటి, అది డబ్బుకు సంబంధించినది. ఆ కాలంలో పాటతోనే బతకవలసిన తెలుగు విద్వాంసుడికి నాలుగు దారులుండేవి: జమీందారో సభావారో ఇచ్చే సంభావన, పెళ్లి కచేరీ, ఇళ్లకు తిరిగి చెప్పే ట్యూషను, అదృష్టం బాగుంటే ఆకాశవాణిలోనో సంగీత కళాశాలలోనో కొలువు. ఈ నాలుగింటిలోనూ వినేవాడి తొందరకు తల ఒగ్గాలి. డాక్టరుగారికి వైద్యం జీతం ఇచ్చింది. అందువల్ల ఆయన ఒక వర్ణం మీద నెలల తరబడి కూర్చోగలిగారు. శిష్యుడిని కూడా కూర్చోబెట్టగలిగారు. సభల్లో ఆయన పాడినది ఆయన స్థాయికి తక్కువే. పాఠంలో పెట్టినది మాత్రం లెక్కకు అందదు.

మా ఇంట్లో రేడియో సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చాకే మోగేది. నాన్న కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, ఆఫీసులో గుమాస్తా. కడప స్టేషను బాగా పలికేది. విజయవాడ రాత్రిపూట, అదీ వాన లేకపోతే, కెరటాల మీద తేలుతూ వచ్చేది. విజయవాడలో ఓలేటి వెంకటేశ్వర్లుగారు సంగీత శిక్షణ చెప్పేవారు. పెన్సిలు, పుస్తకం పట్టుకుని రేడియో ముందు కూర్చుంటే, సరిగ్గా సంగతి, అంటే అదే పంక్తిని మార్చి పాడే మలుపు, వచ్చే చోట గరగర మొదలయ్యేది. నాన్న లేచి పెట్టెను కిటికీ వైపు తిప్పేసరికి ఆయన తర్వాతి పంక్తికి వెళ్లిపోయేవారు. మర్నాడు టీచరమ్మ దగ్గర ఆ పంక్తి పాడి చూపిస్తే, గరగర వచ్చిన చోట నేను సొంతంగా అల్లిన భాగాన్ని ఆవిడ తక్షణం పట్టుకునేవారు. ఓలేటివారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, నూకల చినసత్యనారాయణగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు, వీరంతా డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నవారేనని తెలిసిన రోజు నాకు బాగా గుర్తుంది. అప్పటిదాకా రేడియోలో పాడేవాళ్లంటే ఎక్కడో నదికి అవతల, అందనంత దూరంలో ఉండే మనుషులు. వాళ్లందరికీ పాఠం చెప్పిన మనిషి మా ఊళ్లో, మా అవ్వ నమ్మని మనిషి.

ఒక వాదం నేను చాలాసార్లు విన్నాను, ఇప్పటికీ వింటాను: పాణిగారు తంజావూరు బాణీని తెచ్చి తెలుగువాళ్ల గొంతులో పోశారు, దానివల్ల మన సొంత బాణీ చెరిగిపోయింది, అని. ఆంధ్రదేశంలో అంతకుముందు పాట లేదన్నట్టు మాట్లాడేవారి మీద వచ్చిన కోపమిది; ఆ కోపంలో న్యాయముంది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యకోటి ఒక్కటి చాలు, ఇక్కడ పాట ఎంత గట్టిగా ఉండేదో చెప్పడానికి. ఆ శిష్యుల్లోంచే బాలమురళీకృష్ణగారు వచ్చారు. అయితే, చెరిగిపోయిందన్న మాటకు నా చెవి ఒప్పుకోదు. ఒకే గురువు దగ్గర ఒకే పాఠాంతరం, అంటే కృతిని పాడే ఒకే తీరు, నేర్చుకున్న ఓలేటి, నేదునూరి, గోపాలరత్నం ముగ్గురినీ ఒకే తోడి రాగంలో ఒకదాని తర్వాత ఒకటిగా వినండి. ఓలేటివారిలో హిందుస్తానీ తీపి తొంగిచూస్తుంది, ఏ క్షణాన ఎటు తిరుగుతారో తెలియదు. నేదునూరివారు ఇటుక మీద ఇటుక పేర్చినట్టు రాగాన్ని కడతారు. గోపాలరత్నంగారి గొంతు నిండుగా దూసుకువచ్చి సాహిత్యాన్ని ముందు నిలబెడుతుంది. అచ్చు పోసిన గురువుకు ఇంత భిన్నమైన శిష్యులు రారు. ఆయన నేర్పినది గమకం పట్టు, అంటే స్వరాన్ని ఊపే తీరు; మనోధర్మాన్ని, అంటే అప్పటికప్పుడు రాగాన్ని అల్లడాన్ని, సాధన చేసే పద్ధతి. ఆ పట్టుతో నేదునూరివారు అన్నమయ్య పదాలకు వరసలు కట్టారు. రేవతిలో 'నానాటి బతుకు', కురంజిలో 'ముద్దుగారే యశోద' పాడుకునే లక్షల మందిలో కర్నూలు డాక్టరుగారి పేరు విననివారే ఎక్కువ. అయినా ఆ వరసల వెనక ఆయన పాఠం ఉంది.

గమకం పట్టు అని తేలిగ్గా రాసేశాను. నాకు అది అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. 1980లో టీచరమ్మ భైరవి అట తాళ వర్ణం, 'విరిబోణి' మొదలుపెట్టారు. ఆవర్తానికి పద్నాలుగు అక్షరాలు, నడక బరువు. భైరవిలో గాంధారం సాధారణ గాంధారమని పుస్తకం చెబుతుంది. మా ఇంటి దగ్గర భజన మందిరంలో హార్మోనియం ఉండేది. నేను పోయి ఆ మెట్టు నొక్కి, అదే స్వరాన్ని కదలకుండా గొంతులో పెట్టుకుని వచ్చి పాడాను. శ్రుతిపెట్టె ఆగింది. మళ్లీ పాడాను. మళ్లీ ఆగింది. భైరవి గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు. రిషభం నుంచి లేచి, మధ్యమాన్ని ముట్టీ ముట్టనట్టు తాకి, ఆ ఊగులోనే గాంధారం అనిపించుకుంటుంది. ఎంత ఊగాలి, ఎంత నెమ్మదిగా ఊగాలి, మొదటి కాలంలో ఎన్నిసార్లు, రెండో కాలంలో ఎన్నిసార్లు అన్నది నేర్పవలసిన సంగతి. ఎక్కువ ఊపితే అరవై ఏళ్ల ముసలి గొంతు వణికినట్టుంటుంది, తక్కువ ఊపితే హార్మోనియం మెట్టు అవుతుంది. ధైవతం గొడవ ఇంకొకటి, ఎక్కేటప్పుడు చతుశ్శ్రుతి, దిగేటప్పుడు శుద్ధం.

ఇది కాగితం మీద ఎట్లా రాస్తారు? 'గా' అని రాస్తే సరిపోదు, అది తోడిలోనూ 'గా'యే. మామూలు స్వరలిపి పుస్తకాల్లో అంతే రాసి, మిగతాది గురుముఖతః అని వదిలేస్తారు. టీచరమ్మ నా రూళ్ల నోటుపుస్తకంలో స్వరాలన్నీ బ్రిల్ ఇంకుతో గుండ్రటి అక్షరాలతో రాసి, ఆ తర్వాత పెన్సిలు తీసుకుని, ప్రతి స్వరం నెత్తిన ఒక గీత గీసేవారు. కొన్ని అలల్లాగా, కొన్ని కిందికి జారుతూ, కొన్ని ఉత్త చుక్కలు. ఊగే స్వరంలో లోపల దాగిన అనుస్వరాలను చిన్న అక్షరాలతో పక్కన రాసేవారు. పెన్సిలెందుకని అడిగితే, నా గొంతు మారేకొద్దీ చెరిపి మార్చాలి కదా అన్నారు. డాక్టరుగారు తాను పాడే పాఠాంతరాన్ని గమకాలతో సహా స్వరపరచి పెట్టే పనిలో ఎన్నో ఏళ్లు గడిపారనీ, అదంతా తిరుమల తిరుపతి దేవస్థానం వారు 'సంగీత సౌరభం' పేరుతో నాలుగు పెద్ద సంపుటాలుగా అచ్చు వేశారనీ చాలా కాలానికి గాని నాకు తెలియలేదు. అప్పటికి నాకు తెలిసిందల్లా, ఈ పెన్సిలు గీతల చదువు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రమే.

1983లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చింది. డెబ్బయ్యేళ్ల వయసులో. పేపరు పట్టుకుని నాన్న అవ్వ దగ్గరికి వెళ్లి ఫొటో చూపించారు. అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈయప్ప డాక్టరే" అని ఒప్పుకుంది. పాట గురించి ఏమీ అనలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం టీచరమ్మ నన్ను డాక్టరుగారి ఇంటికి తీసుకువెళ్తానన్నారు. భైరవి వర్ణం వినిపించి, ఆశీర్వాదం తీసుకుని రావడమే పని. వారం రోజులు పొద్దున్నా సాయంత్రం సాధన చేశాను. పట్టు పరికిణీ ఇస్త్రీ చేయించారు. వెళ్లే రోజు పొద్దున నాకు గొంతు పూడిపోయింది. జలుబని ఇంట్లో చెప్పాను, జలుబే అనుకుని శొంఠి కషాయం తాగించారు. అది భయమని నాకు తెలుసు. ఓలేటివారికి పాఠం చెప్పిన చెవి ముందు నా గాంధారం ఊగవలసినన్ని సార్లు ఊగకపోతే ఏమవుతుంది? టీచరమ్మకు కూడా తెలిసే ఉంటుంది, "ఇంకోసారి పోదాంలే" అన్నారు. ఆ ఇంకోసారి రాలేదు. డిగ్రీకి అనంతపురం, ఆ తర్వాత బ్యాంకు పరీక్ష, ఉద్యోగం, పెళ్లి, హైదరాబాదు. తొంభైలలో సెలవులకు కర్నూలు వచ్చినప్పుడు ఆయన ఉండే వీధిలోంచి రెండు మూడుసార్లు నడిచాను. లోపలి నుంచి పాఠం వినిపిస్తుందేమోనని అడుగులు నెమ్మది చేశాను. ఆయన ఆ వయసులోనూ పాఠాలు చెబుతున్నారనీ, గాయకులు మల్లాది సోదరులకు కూడా ఆయన దగ్గర పాఠమైందనీ తెలుసు. నేను మాత్రం బ్యాంకు మేనేజరును, పాడి పదేళ్లయింది, ఏమని తలుపు తట్టాలి అనుకున్నాను. ఏమీ పాడనక్కర్లేదు, నమస్కారం పెట్టి రావచ్చు కదా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు తోచలేదు.

2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర రెండూ ఒక్కసారిగా పొంగి కర్నూలు పాతబస్తీని ముంచేశాయి. అమ్మ, నాన్న మేడ ఉన్న పక్కింట్లోకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నాలుగో రోజు నేను వెళ్లేసరికి మా ఇల్లంతా మోకాలి లోతు ఒండ్రు. ఇత్తడి బిందెలు కడిగితే వచ్చాయి, బట్టలు కొన్ని వచ్చాయి, అవ్వ ఫొటో రాలేదు. అటక మీద ఉన్న ట్రంకుపెట్టె తేలి పక్కగదిలోకి వెళ్లి బోర్లాపడి ఉంది. అందులో నా పాట పుస్తకాలు. పుస్తకాలన్నీ కలిసి ఒక ఇటుకలాగా అయ్యాయి. పారేయమని అందరూ అన్నారు. ఆ ఇటుకను పాత చీరలో చుట్టి హైదరాబాదు తెచ్చుకున్నాను. టీచరమ్మ అప్పటికి రెండేళ్ల ముందే పోయారు.

2012 ఆగస్టు 3న డాక్టరుగారు నూరో ఏట అడుగుపెట్టారు. ఆ ఉదయం నేను బ్యాంకులో ఉన్నాను. ఆర్నెల్లలో ఉద్యోగం మానేసి మళ్లీ పాడాలని అప్పటికే నిర్ణయించుకున్నాను గనుక, ఈసారి తప్పక వెళ్లి చూడాలని క్యాలెండరులో మార్చి నెలాఖరు దగ్గర గుర్తు పెట్టుకున్నాను. 2013 మార్చి 11న ఆయన కన్నుమూశారు. నూరేళ్లు నిండడానికి అయిదు నెలలు కూడా లేవు.

ఆ వారంలోనే, ఎందుకో తెలియదు, చీరమూట విప్పాను. మూడున్నరేళ్లు పూర్తిగా ఎండిపోయిన ఇటుకను అమ్మ దోసెల అట్లకాడతో అంచులు కదిలిస్తూ, పొర వెంట పొర, రెండు రాత్రులు విడదీశాను. మొదటి పుస్తకం పిండిలాగా రాలిపోయింది. రెండోది, రూళ్ల నోటుపుస్తకం, కొంత దక్కింది. ప్రతి పుటా లేత నీలంగా, ఒక మూల నుంచి ఇంకో మూలకు మబ్బు పాకినట్టు ఉంది. బ్రిల్ ఇంకు మొత్తం కరిగి కాగితంలోకి ఇంకిపోయింది, టీచరమ్మ గుండ్రటి అక్షరాల్లో ఒక్కటీ మిగలలేదు. స, రి, గ, మ ఏవీ లేవు. ఆ నీలం మబ్బు మీద పెన్సిలు గీతలు మాత్రం రాసిన రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. పెన్సిలు గీత నీళ్లకు కరగదు. అలలు, జారులు, చుక్కలు, పక్కన చిన్న చిన్న అనుస్వరాలు, కింద స్వరం లేకుండా వరసగా పుట పొడుగునా.

పద్నాలుగు అక్షరాల లెక్క వేసుకుంటూ గీతలను బట్టి అది విరిబోణి అని పోల్చుకున్నాను. స్వరాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నాలుగో గీత దగ్గర, పెద్ద అల ఒకటి, దాని మీద చెరిపి మళ్లీ గీసిన ఇంకో అల, నా గొంతు మారినప్పటిది కాబోలు. శ్రుతిపెట్టె తెచ్చుకుని కూర్చున్నాను. అర్ధరాత్రి దాటింది, పక్క గదిలో మనవరాలు నిద్రపోతోంది. గొంతు తగ్గించి, పల్లవి ఎత్తుకున్నాను.